ఒకరి కాలి కొలత

మరిదిని ఇంట్లో అందరూ చాదస్తం అనే పిలిచేవారు. తలుపుకి తాళం వేశాక దాన్ని గుంజి చూసేవాడు, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి గుంజేవాడు. టీ ఇస్తే కప్పు చెవి ఊడుతుందేమోనని అడుగున చెయ్యి పెట్టుకుని తాగేవాడు. ఒక కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకొకటి తక్షణం పని అందుకునేలా చూసే సాఫ్ట్‌వేర్ రాయాలంటే ఇలాంటివాడే కావాలని మొదట కనిపెట్టింది వదినే. తన ఉద్యోగం మానేసి, మందుల దుకాణం పైన రెండు గదులు తీసుకుని, అతనితో కలిసి కంపెనీ పెట్టింది.

సరుకు నిక్షేపంలాంటిది. చిక్కల్లా, అది పనిచేసినంతకాలం అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. పదిమందికీ అలవాటు కావాలని మొదట ఉచితంగా ఇచ్చారు. వేల కంపెనీలు వాడాయి, మీ పుణ్యమా అని కంటినిండా నిద్రపోతున్నామన్నాయి. డబ్బు మాటెత్తితే మాత్రం అవతలి ఫోన్లు మూగబోయేవి.

“పునాదికి రంగులు వేయించేదెవరమ్మా? గోడలకైతే చెప్పు, చూద్దాం,” అన్నాడు ఒక పెద్దమనిషి.

చాదస్తం దగ్గర ఒక ఉపాయం ఉంది. కంప్యూటర్ ఆగిపోబోతోందని ముందే హెచ్చరించే తెర. దానికి డబ్బు తీసుకుందామన్నాడు. రాయడమూ మొదలుపెట్టాడు. అయితే ఇంకా నమ్మకం కుదరలేదంటూ రాసిందే మళ్ళీ రాసేవాడు. జీతాల రోజు దగ్గరపడే కొద్దీ వదినకి అన్నం సయించేది కాదు.

అలాంటప్పుడు ఒక బీమా కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ని తమ పాత పద్ధతులకు తగ్గట్టు మార్చాలి. వదిన మనుషులు వచ్చి బీమా ఆఫీసులోనే కూర్చుని పనిచేయాలి. అడిగినంత ఇస్తామన్నారు.

“ఒకళ్ళ కాలికి కొలిచి కుట్టే చెప్పులు వదినా ఇవి. ఇంకెవరికీ పట్టవు,” అన్నాడు చాదస్తం.

“ముందు మనం నిలబడాలి కదయ్యా!”

“కాస్త ఆగు. తెర అయిపోవచ్చింది.”

ఆగుదామనే అనుకుంది. ఆ వారమే అతని భార్యకి నొప్పులొచ్చాయి. కాన్పు కష్టమై అతను ఆసుపత్రి వదల్లేదు. బీమా వాళ్ళు రేపటికల్లా తేల్చమన్నారు. వదిన ఫోను తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఈ స్థితిలో వాణ్ణేం కదిలిస్తాంలే అనుకుంది. అది జాలేనని సరిపెట్టుకుంది గానీ, అడిగితే వద్దంటాడన్న భయమే ఎక్కువ. మర్నాడు ఒప్పందం మీద సంతకం పెట్టేసింది.

తిరిగొచ్చిన చాదస్తం సంగతంతా విని, “సరే వదినా,” అన్నాడు. అరిచినా బాగుండేది.

కంపెనీ లాభాల్లో పడింది. మనుషులంతా బీమా ఆఫీసులోనే. వాళ్ళు కూర్చోమంటే కూర్చోవడం, నిలబడమంటే నిలబడడం. ఉచితంగా వాడేవాళ్ళు ఫలానా చోట తప్పుందని మొత్తుకున్నా సరిదిద్దడానికి ఇక్కడ ఒక్క చెయ్యీ ఖాళీ లేదు. ఒక్కొక్కరే జారుకున్నారు.

కొన్నాళ్ళకి మరో చిన్న కంపెనీ అచ్చం అలాంటి హెచ్చరిక తెరే తెచ్చింది. ఎగబడి కొన్నారు. చాదస్తం దాన్ని ఆసాంతం చూశాడు.

“వాళ్ళు బాగా చేశారు వదినా. నేనైతే ఇంకా నాన్చుతూ ఉండేవాణ్ణి,” అని నవ్వి, ఆ నెలాఖరుకే మానేశాడు.

ఇప్పుడతను ఎక్కడో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వదిన అతని ఇంటికి వెళ్తే, అప్పుడు పుట్టిన పాప “పెద్దమ్మా” అంటూ వచ్చి ఒళ్ళో కూర్చుంది. అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

“మళ్ళీ మొదలెడదామా?” అంది వదిన, ఎటో చూస్తూ.

“ఇప్పుడెందుకులే వదినా. ప్రాణం హాయిగా ఉంది.” కత్తి పక్కన పెట్టాడు. “ఆ రోజు ఒక్క ఫోను చేసి ఉంటే, ఆసుపత్రి వరండాలోంచే కానివ్వమనేవాణ్ణేమో. మనకి వేరే గతిలేదని నాకు మాత్రం తెలీదా?”

పాప వదిన గాజులు లెక్కపెడుతూ, అంకె తప్పి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది. అతను ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు.

“భోంచేసి వెళ్ళు,” అన్నాడు.

ఆమె ఉండిపోయింది.