కప్పు పలికిన మాట

శ్రావణమేఘములు క్రిందికి వ్రాలి సముద్రముతో నేకమై యేది నీరో యేది నింగియో తెలియరాక యుండఁ దడిసిన కాకులు కరెంటు తీఁగలపై ఱెక్కలు ముడుచుకొని కూర్చుండ నా ప్రాతఃకాలమున విశాఖపట్టణమందలి యొక యపార్టుమెంటు మూఁడవ యంతస్తునఁ బైడమ్మయను వృద్ధురాలు గుండెకు శస్త్రచికిత్స చేయించుకొనుటకై యాసుపత్రికిఁ బయనమై గడపకడ నిలిచెను. తోడుపోవువాఁడు తమ్ముఁడు రామునాయుఁడు. ఆమెకతఁడును నతనికామెయుఁ దక్క వేఱు దిక్కు లేదు.

ఆ యింటి వంటగది కప్పునఁ బొగ పసికట్టి కూఁతవెట్టు తెల్లని యంత్రమొకటి కలదు. పోపున నెండుమిరపకాయ మాఁడినఁ జాలు, నిల్లు కాలినట్లు గగ్గోలు పెట్టును. అపుడు పైడమ్మ గరిటె విడిచి కొంకికి వ్రేలాడు తువాలు దీసి యంత్రమును శపించుచు విసరి విసరి యూరార్చును. కొన్నినాళ్లుగా దాని బ్యాటరీ నీరసించుటం జేసి పొగ లేకయు నుండియుండి కీచుమనుచుండెను. కప్పు ముసలిచేతుల కందదు. ఎలక్ట్రీషియను ప్రతిదినము రేపనును.

పైడమ్మ యిల్లు కలయఁజూచి నిట్టూర్చి "ఇంక నాను ఈ గడప తొక్కనేమోరా" అనెను. తోడనే కప్పు కీచుమనెను.

మాటవెంట బల్లి పలికిన నామాట తప్పదని నమ్ము వంశమామెది. మొగము వెలవెలఁబోవ వ్రేళ్లతో గోడఁదట్టి "సత్తెం" అని పీటపైఁ గూలఁబడెను.

"అప్పా, అది బల్లి కాదే. బేట్రీ అయిపోనాది."

"బల్లికి మాత్రం ఏటి తెలుసురా? పలికించేవోడు వేరే ఉన్నాడు. నాను రాను."

"కింద ఆటో ఆగుంది."

"అయితే నువ్వెల్లి కోయించుకో."

రామునాయుఁడు చీపురుకఱ్ఱతోఁ బొడిచి చూచెను, అందదయ్యెను. ఆసుపత్రివారిచ్చిన వేళ మించుచుండెను. ఏమియుఁ దోఁచక గోడగడియారమునకెదురుగాఁ జతికిలఁబడి కీచునకును గీచునకును నడుమ ముల్లు నడచు దూరమును గనిపెట్టి, యా ముల్లు చేరవచ్చు తఱిఁ దటాలున "మా అప్ప నవ్వుతా ఇంటికొస్తాది" అనెను.

కప్పు కీచుమనెను.

పైడమ్మ తమ్మునివంకను గడియారమువంకను జూచి, గోడఁదట్టి "సత్తెం" అని లేచెను. లిఫ్టులో నామె మెల్లఁగా "ముల్లు సూసి అన్నావని నాకు తెల్దేటి?" అనెను.

"మరెందుకు లేచావే?"

"పాపం, అంతసేపు కాసుకు కూకున్నావు గదరా."

సంధ్యవేళ రామునాయుఁడొక్కఁడే మరలివచ్చెను. శస్త్రచికిత్స ముగిసినది కాని యామె కన్ను తెఱవలేదు. తెల్లవాఱినఁ గాని యేమియుఁ జెప్పఁజాలమని వైద్యులతనిఁ బంపివేసిరి. ఇంట నే సవ్వడియు లేదు. ఇన్నినాళ్లు రేపురేపన్న యెలక్ట్రీషియను కావలివానియొద్దఁ దాళము దీసికొని యానాఁడే వచ్చి క్రొత్త బ్యాటరీ వేసిపోయెను.

రామునాయుఁడు కప్పుక్రింద నిలిచి "మా అప్ప నవ్వుతా ఇంటికొస్తాది" అనెను. కప్పు పలుకలేదు. మరల ననెను. పలుకలేదు.

అంత నతఁడు పొయ్యి వెలిగించి మూఁకుడు పెట్టి నూనెలో గుప్పెఁడెండుమిరపకాయలు వైచి యవి నల్లనై పొగ కప్పునంటువఱకు నెదురుచూచి యామాట మరియొకతూరి యనెను. యంత్రమిల్లు దద్దరిల్లఁ గూఁతవెట్టెను. ఇరుగుపొరుగులు తలుపు బాదుచుండిరి. రామునాయుఁడు దగ్గుచుఁ గన్నులు కారుచుండ వ్రేళ్లతో గోడఁదట్టుచు "సత్తెం, సత్తెం" అనుచునే యుండెను. కొంకికున్న తువాలు మాత్రము తీయఁడయ్యెను.