డెక్కలో లాగని ఇంజను

తేట నీళ్లలో ఆ పడవ ఇంజనుకి తిరుగులేదు. గుర్రపుడెక్క ఒత్తుగా ఉన్నచోటికి పోయిందంటే మాత్రం ముసలి ఎద్దులా రొప్పేది. నల్లగా పొగ కక్కి, గుడగుడలాడి, ఆగిపోయేది. దసరా వెళ్లిన వారంలో కొల్లేరు పొంగి లంకలోకొచ్చే రోడ్డు మునిగింది. అప్పట్నుంచీ ఇదే వరస. బాగుచెయ్యాల్సినవాడు సుందరరావే. ఆ ఇంట్లో పాడైనవన్నీ బాగుచేయించుకోడానికే కదా అతన్ని ఇల్లరికం తెచ్చుకుంది.

అతని లెక్క అది. ఏడో తరగతిలో బడి మానేసి, తాడేపల్లిగూడెంలో హనుమంతరావుగారి షెడ్డులో పని నేర్చుకుంటుంటే, చేపలచెరువుల శ్రీరంగనాయకులు చూసి, పిల్లనిచ్చి లంకకి తీసుకొచ్చేశాడు. కొత్తలో 'అల్లుడుగారూ' అని పిలిచేవాడు. తర్వాత 'సుందర్రావుగారూ' అయింది. ఆ తర్వాత గారు ఊడిపోయింది. తల నెరిసేసరికి 'ఏమయ్యా' మిగిలింది.

ఈ మధ్య హనుమంతరావుగారు ఫోన్ చేశాడు. చూపు ఆనటంలేదట. షెడ్డు నడుపుకుంటానంటే తాళాలు నీకే ఇస్తాను, శుక్రవారం సాయంత్రంలోగా వచ్చి నిలబడు, తణుకు నుంచి ఇంకొకతను అడుగుతున్నాడు అన్నాడు. సుందరరావు పెళ్లాం మంగతాయారుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చేటలో బియ్యం అలా కెలుకుతూ కూర్చుని కూర్చుని, మీరు వెళ్లండి, నేను వెనకాల వస్తాను అంది.

శుక్రవారం పొద్దున, ఏలూరులో ఇంజను సామాను కొనాలని వంకపెట్టి పడవ దింపితే, మామగారు చొక్కా తొడుక్కొచ్చి ముందు బల్లమీద కూర్చున్నాడు. చెరువుల్లో చేపలకి వేసే మందు కొనాలట. దిగమని ఎలా అంటాడు? పడవ ఆయనది.

సగందాకా బాగానే వచ్చారు. అక్కడ గాలికి కొట్టుకొచ్చిన డెక్కంతా ఒకచోట పేరుకుని, నీటిమీద పచ్చటి చేనులా అడ్డంగా పరుచుకుంది. పక్కనించి పోదామంటే కనుచూపుమేర అదే. ఇంజను లోపలికి దూరింది, రొప్పింది, ఆగింది. వెనక పడవ చేసుకొచ్చిన దారి కూడా డెక్క మళ్లీ కలిసి మూసుకుపోయింది. గెడ వేస్తే ఊబిలో దిగబడుతోంది తప్ప పడవ జానెడు జరగలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది పని.

సుందరరావు నీళ్లలో తిరిగే పంకా పైకెత్తి, చుట్టుకున్న డెక్క వేళ్లన్నీ కొడవలితో కోశాడు. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేస్తే నాలుగు బారలు పోయి మళ్లీ చచ్చింది. డీజిల్ పైపు వదులు చేసి గాలి తీశాడు. మళ్లీ అంతే. ఎండ నడినెత్తికొస్తోంది. గూడెంలో షెడ్డు ముందు పడక్కుర్చీలో రోడ్డుకేసి చూస్తూ కూర్చున్న ముసలాయన కళ్లముందు మెదిలాడు.

"ఇదేనా ఏమయ్యా, మీ గూడెం గురువు నేర్పింది?" అన్నాడు మామగారు, గొడుగు కిందనించి.

సుందరరావు మళ్లీ హ్యాండిల్ అందుకున్నాడు. ఈసారి స్టార్ట్ చేసి పొగనే చూస్తూ కూర్చున్నాడు. కాటుకలా నల్లగా వస్తోంది. అంటే డీజిల్ అందుతోంది, గాలే అందటంలేదు. ఇంజను ఊపిరి పీల్చే గొట్టంకేసి చూశాడు. అక్కడుంది పసుపుగుడ్డ.

ప్రతి దసరాకీ ఆ ఇంట్లో కత్తికీ కొడవలికీ బొట్టు పెట్టినట్టే ఇంజనుకీ పెడతారు. కొత్త గుడ్డ పసుపులో ముంచి, గాలిగొట్టం మూతికి మామగారే స్వయంగా కడతాడు. మళ్లీ దసరాదాకా దాన్ని విప్పకూడదు. ఒక ఏడాది ఎవరో విప్పారట, ఆ ఏడే చేపలన్నీ తెల్లబొల్లులొచ్చి తేలాయట. ఎప్పుడూ పల్చటి గుడ్డ కట్టేవాడు. ఈసారి మందపాటి తువ్వాలు ముక్క దొరికినట్టుంది. పొడిగా ఉన్నంతసేపూ ఇంజను దాంట్లోంచే ఎలాగో పీల్చుకునేది. డెక్కలో పంకా చిమ్మే నీళ్లూ నాచూ పడితే, తడిగుడ్డతో ముక్కు మూసినట్టయ్యేది. ఇంజన్ని ఇన్నిసార్లు విప్పి బిగించిన సుందరరావు, పెళ్లాం నుదుటి బొట్టు చూసినట్టు దాన్నీ రోజూ చూసి ఊరుకున్నాడు.

చెయ్యి చాచేసరికి మామగారు గొడుగు మూసేశాడు. "దాని జోలికి పోకు."

సుందరరావు ముడి విప్పాడు. గుడ్డ పిండి, మడతపెట్టి, తీసుకెళ్లి మామగారి చేతిలో పెట్టాడు. హ్యాండిల్ కొడితే ఇంజను ఒక్క ఉదుటున అందుకుంది. డెక్కని చీల్చుకుంటూ పడవ దూసుకుపోయింది. చాలా ఏళ్లకి సుందరరావుకి ఈల వెయ్యాలనిపించింది.

గట్టు కనబడుతుండగా మామగారు వెనక్కి తిరిగాడు.

"సుందర్రావుగారూ," అన్నాడు.

గారు వినగానే సుందరరావు యాక్సిలేటర్ తగ్గించాడు.

"మీరు గూడెం వెళ్లక్కర్లేదండి. మొన్న మీరు చెరువుమీదుండగా మీ గురువుగారు మన ఇంటికి ఫోన్ చేశారు. మా అల్లుడు రాడని చెప్పేశాను."

పడవ గట్టుకి ఆనించి, సుందరరావు ఫోన్ తీశాడు. అవతల హనుమంతరావుగారు బాధపడ్డాడు. నువ్వే చెప్పించావనుకున్నాన్రా, పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి తణుకాయనకి తాళాలిచ్చేశాను, ఇప్పుడు మళ్లీ అడిగితే బావుండదురా అన్నాడు. పర్లేదండి అన్నాడు సుందరరావు. ఆరోగ్యం చూసుకోమన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

గట్టుమీద ఏలూరు ఆటో ఒకటి హారన్ కొట్టి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది.

"ఎందుకు చెప్పారండీ?"

"నువ్వు పోతే ఈ ఇంజన్లన్నీ ఎవరు చూస్తారయ్యా?" అన్నాడు మామగారు. దాపరికమేమీ లేకుండా, ధర్మసందేహం అడిగినట్టే అడిగాడు. కూతురి మాట ఆయన నోట రాలేదు. చేపల మందు మాటా ఎత్తలేదు.

మంగతాయారు ఈపాటికి బట్టలు సర్దుకుంటూ ఉంటుంది. ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ సుందరరావు పడవ వెనక్కి తిప్పాడు. మళ్లీ అదే డెక్క. పడవ నత్తలా దూరింది. ఇంజను మెల్లగా, నిద్రలో మూలుగుతున్నట్టు కొట్టుకుంటోంది. అలా చాలాసేపు పోయాక మామగారికి అనుమానమొచ్చింది.

"ఏమయ్యా, మళ్లీ లాగటంలేదా?"

"లాగుతుందండి," అన్నాడు సుందరరావు. "నేనే రైజ్ ఇవ్వటంలేదు."