పచ్చి దుంగ

బొమ్మలాయనకు ఉలి పట్టడం ఎవరూ నేర్పలేదు. పొలం పని లేని రోజుల్లో తనంతట తానే పట్టాడు. పట్టినవాడు ఊరుకున్నాడా! ఎద్దులూ కుక్కలూ కొంగలూ చెక్కి ఇల్లంతా నింపేశాడు. కాలు పెట్టే చోటు లేదని పెళ్లాం రోజూ సణిగేది. ఎవరైనా వస్తే మాత్రం ఒక్కొక్కటీ తుడిచి మరీ చూపించేది.

చెట్టు కొట్టిన రోజే చెక్కడం ఆయన అలవాటు. పచ్చి చెక్క ఉలికి వెన్నలా లొంగుతుంది మరి. ఆరాక ఎద్దు వీపు మీద పగులొస్తే, ముసలి ఎద్దులే అనుకునేవాడు. ఎద్దు వచ్చి అడుగుతుందా ఏమన్నా?

ఆవిడ మంచం పట్టింది. ఇక లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి ఆవిడ. ఇంట్లో ఒక్కటీ లేదు. అప్పటికప్పుడు పచ్చి దుంగ తెచ్చి, మంచం పక్కనే కూర్చుని ఆమె ముఖం చెక్కాడు. అచ్చు ఆవిడే. చూసుకుని, ముక్కు మరీ ఇంత లావు పెట్టావేమని దెప్పింది, నవ్వింది కూడా. ఆ వారంలోనే పోయింది.

ఎండలు ముదిరాయి. బొమ్మ నుదుటి మీద వెంట్రుక మందాన గీత పడింది. నూనె రాశాడు, మైనం కూరాడు, తడిగుడ్డ చుట్టాడు. గీత కనుబొమ దాటింది. అది చెక్క నాన్నా, అమ్మ కాదు అని కూతురు నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా, చంటిపిల్లలా ఎత్తుకుని వడ్రంగి దగ్గరికి పరిగెత్తాడు.

వడ్రంగి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పచ్చిది చెక్కావు బావా. ఆరేకొద్దీ విచ్చుకుంటుంది. నువ్వూ నేనూ ఆపలేం," అన్నాడు. బాగా ఆరిన చెక్క ఒకటి చేతిలో పెట్టి, మళ్లీ చెక్కుకోమన్నాడు. మంచివాడే పాపం.

ఇంటికొచ్చి ఆ చెక్క ముందు కూర్చున్నాడు. చెయ్యి తిరిగినవాడికి ఇదేం లెక్క అనుకుంది కూతురు. ఆయన కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ఉలి కదల్లేదు. పొద్దు వాలినా లేవకపోయేసరికి కూతురు పక్కన కూర్చుని, ఏమైందని అడిగింది. ఆయనకు ఏడుపు ఆగలేదు.

"మీ అమ్మ పగులుతోనే గుర్తొస్తోంది తల్లీ," అన్నాడు. "పగులు లేని ముఖం ఎంత వెతికినా దొరకడం లేదు."