రెండు మిల్లీమీటర్ల నవ్వు

సుబ్బరత్నం మద్రాసులో ఎం.టెక్. చదువుతోంది. 1978 వేసవి సెలవులకు చల్లపల్లి వచ్చేటప్పుడు పెట్టెలో బట్టలకంటే గ్రాఫు కాగితాలే ఎక్కువ తెచ్చుకుంది. మనిషి ముఖాన్ని కంప్యూటరు చేత గీతల్లో గీయించి నవ్వించాలన్నది ఆమె ప్రాజెక్టు. అందుకు ముందు ఒక ముఖాన్ని కొలవాలి. ఎవరి ముఖమో ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. ఒకటో తరగతిలో తనకు చదువు చెప్పిన అమలమ్మ టీచరు నవ్వితే క్లాసంతా నవ్వేది.

తలుపు తీసిన అమలమ్మను చూసి సుబ్బరత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. టీచరు ముఖంలో ఎడమ సగం జారిపోయినట్టుంది. ఆ వైపు కన్ను సరిగా మూతపడటం లేదు.

"పక్షవాతం కాదులే, కంగారుపడకు," అంది అమలమ్మ. "ముఖంలో నరం దెబ్బతిందంట. రెండు నెలలైంది. మెల్లిగా తగ్గొచ్చంటున్నారు డాక్టరుగారు. పిల్లలు జడుసుకుంటున్నారని సెలవు పెట్టా."

సుబ్బరత్నం చాలాసేపు తటపటాయించి వచ్చిన పని చెప్పింది.

"నా ముఖమా? భలే ఎంచుకున్నావే!"

"నాకు కుడి సగం చాలండి టీచర్ గారూ. మా సార్ కూడా సగమే కొలవమన్నారు. రెండో సగం అద్దంలో బొమ్మలాగా కంప్యూటరే వేసేస్తుంది."

అమలమ్మ తల అడ్డంగా ఊపింది. "కొలిస్తే రెండూ కొలువు. ఉన్నది దాచి వేసిన బొమ్మ నాదెట్టా అవుతుంది?"

మర్నాడు పొద్దున్నే వరండాలో కుర్చీ వేసి, సుబ్బరత్నం ఆవిడ ముఖం నిండా కాటుకతో ఎనభై చుక్కలు పెట్టింది. "ఆటలమ్మ పోసినట్టుంది," అని అమలమ్మ గొణిగింది. ఊరికే ఉన్నప్పుడొకసారి, నవ్వినప్పుడొకసారి, ముక్కు నుంచి ఒక్కో చుక్క ఎంత దూరంలో ఉందో సుబ్బరత్నం డివైడరుతో కొలిచింది. కుడి పెదవి కొస పదకొండు మిల్లీమీటర్లు కదిలింది. ఎడమ కొస కదల్లేదు. ఆ అంకె వేసేటప్పుడు నోటుబుక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దాచకే. సున్నా చుట్టడం నేర్పింది నేనేగా," అంది టీచరు.

ఎదురుగా, పక్కనుంచి ఫోటోలు కూడా తీసింది. ఆ ఫిల్ము విజయవాడలో కడిగిస్తే మొత్తం నల్లగా వచ్చింది. అరువు తెచ్చిన కెమెరాలోకి ఎక్కడో వెలుతురు పోయింది. పదిహేను రోజుల తర్వాత చుక్కలు మళ్లీ పెట్టి, అవి పాత చోటే పడవు కనుక అన్నీ మొదటినుంచీ కొలవాల్సి వచ్చింది.

ఎడమ పెదవి కొస దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. "ఇంకోసారి నవ్వండి." మళ్లీ కొలిచింది. "ఇంకొక్కసారి."

"బుగ్గలు నెప్పెడుతున్నాయే!"

"టీచర్ గారూ, ఇది కదులుతోందండి. రెండు మిల్లీమీటర్లు."

అమలమ్మ అద్దం తెప్పించుకుని చూసుకుంది. "నాకేం కనపట్టంలేదే."

"నాకూ కనపట్టంలేదండి. కానీ ఉంది."

అమలమ్మ డివైడరు లాక్కుని తానే పెట్టి చూసుకుంది. మూడుసార్లూ రెండే వచ్చింది. అద్దం ముందు చెయ్యమని డాక్టరు చెప్పిన కసరత్తు ఆవిడ ఎప్పుడో మానేసింది. ఆ సాయంత్రం నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సుబ్బరత్నం వారం వారం వచ్చి కొలిచింది. ఒక వారం మూడు, తర్వాత నాలుగు. ఒక వారం ఏమీ పెరగలేదు. సెలవులు అయిపోయేనాటికి ఆరు. బడి తెరిచిన రోజున అమలమ్మ వంకర నవ్వుతోనే క్లాసుకు వెళ్లింది.

మద్రాసులో సుబ్బరత్నం అంకెలన్నీ కంప్యూటరు చదివే కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసింది. మొదటిసారి కంప్యూటరు గడ్డాన్ని ముక్కు మీదికి తెచ్చింది. రెండోసారి ఒక కన్ను చెవి పక్కన పడింది. నెలన్నర తంటాలు పడ్డాక ముఖం ముఖంలా వచ్చింది. సార్ సగం చాలన్నా ఆమె రెండువైపులా చివరి వారం కొలతల ప్రకారమే వేయించింది. ఊరికే ఉన్న ముఖానికీ నవ్వే ముఖానికీ మధ్య పన్నెండు బొమ్మలు గీయించి, వరసగా కుట్టి, బొటనవేలితో చకచకా తిప్పింది. కాగితాల మీద అమలమ్మ కాస్త కుడివైపుకు లాగుతూ నవ్వింది. హాస్టలు గదిలో సుబ్బరత్నం కూడా నవ్వేసింది.

ఆ పుస్తకాన్ని చల్లపల్లికి పోస్టు చేసింది. పది రోజులకు జవాబు వచ్చింది.

"పిల్లలు నీ పుస్తకం అట్టలు ఊడేదాకా తిప్పారు. చాలా బాగుంది. అయితే నోరు నవ్వుతోంది గాని కళ్లు నవ్వడం లేదు. నవ్వితే బుగ్గ పైకొచ్చి కంటి కింద ముడత పడుతుంది. రోజూ అద్దంలో దానికోసమే చూస్తున్నాను కనుక నాకు బాగా తెలుసు. నిన్న ఎడమవైపు కూడా పడింది."

సుబ్బరత్నం నోటుబుక్కు తీసి చూసింది. ఒక్కో కంటి కింద మూడే చుక్కలున్నాయి. ఉత్తరం చేత్తో పట్టుకునే సార్ గదికి వెళ్లి, కొలవాల్సింది ఇంకా ఉందని, వారం రోజులు ఊరికి పంపమని అడిగింది.