చెరిగిపోయిన చీటీలు

బోల్టన్ అనే ఊళ్లో ఉండే క్లిఫర్డ్‌కి తన వంటింట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలీదు. ఈ-సిగరెట్‌లోకి సొంతంగా ద్రవం కలుపుకునే తొంభైరెండు ఎసెన్సు సీసాల సంగతి మాత్రం నోటుపుస్తకం చూసి ఠక్కున చెబుతాడు. ఏది ఎప్పుడు తెరిచాడో, అందులో ఎంత మిగిలిందో ప్రతి శనివారం తూకం వేసి రాసుకుంటాడు. ఆ సీసాల పెట్టె మీద భార్య మేవిస్ చెయ్యి పడితే ఇల్లు పీకి పందిరేస్తాడు.

చల్లగా, చీకటిగా ఉంటే ఎసెన్సు పాడవదని పెట్టెని సింకు కిందే పెట్టాడు. ఆ సింకు గొట్టం కాస్తా పగిలింది. సీసాలకేం కాలేదు గానీ, వాటికి అంటించిన పేర్ల చీటీల మీది సిరా ఒక్క అక్షరం మిగలకుండా కొట్టుకుపోయింది.

"సర్వనాశనం! ఇప్పుడు ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?" అని తల పట్టుకున్నాడు.

"దానికింత ఏడుపెందుకు? మూత తీసి వాసన చూడు. పదకొండేళ్ల అనుభవం కదా, మహానుభావా!" అంది మేవిస్.

క్లిఫర్డ్ ఒక సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ మళ్లీ పీల్చాడు. చివరికి "వెనిల్లా" అని గొణిగాడు.

మేవిస్ లాక్కుని చూసింది. సోంపు వాసన గుప్పున కొట్టింది.

"ఎన్నాళ్లయింది నీకు వాసనా రుచీ తెలీక?"

"నాలుగేళ్లు," అన్నాడు తలెత్తకుండా. "పుస్తకంలో రాసుకున్న పాళ్లు చూసే కలుపుతున్నా."

మేవిస్ మూత బిగించి సీసాని బల్ల మీద పెట్టింది.

"ఈ నాలుగేళ్లూ ప్రతి ఆదివారం నా గ్రేవీ అమోఘం అన్నావు, క్లిఫర్డ్. నీ నోటి నుంచి నాకు దక్కిన మంచిమాట అదొక్కటే."