గుండె మట్టం

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది.

అడవి ఆఫీసులో చెట్లు కొలిచే ఒకాయన ఉండేవాడు. అందరూ టేపాయన అనేవారు. అడవంతా కొలవడం ఎవరి తరమూ కాదు. అక్కడక్కడ గిరి గీసి, ఆ గిరిలోని చెట్ల చుట్టుకొలత తీస్తారు. దాన్నిబట్టి అడవంతటికీ ఎంత కలప వస్తుందో అంచనా కడతారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే. మెతుకు పట్టిన వేలు ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడరు.

టేపు చుట్టాల్సింది గుండె మట్టాన. అందరికీ ఒకే ఎత్తు ఉండాలని ఆఫీసువాళ్లు ఒక కర్ర ఇస్తారు. టేపాయన పనిలో చేరిననాడు ఆ కర్ర పక్కన నిలబెడితే సరిగ్గా ఆయన గుండెకు వచ్చింది. నీకు కర్రెందుకయ్యా, నువ్వే కర్ర అని అప్పటి ఆఫీసరు నవ్వాడు. ఆ మాట ఆయనకు బిరుదైపోయింది. ఆ తర్వాత ఎన్నడూ కర్ర ముట్టుకోలేదు, తన గుండె మట్టానే టేపు చుట్టేవాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో మాట లేదు. ఒక కంచం, ఒక గ్లాసు. ఆమె తమ్ముడొకడు అప్పుడప్పుడు వచ్చి గడప మీద కూర్చునేవాడు. అతను చెట్లు నరికే ముఠాకు మేస్త్రి.

ఆ ఏడు నరికిన కలప అంచనాకు బాగా తగ్గింది. టేపాయన కొలత తప్పదని ఆఫీసులో అందరి నమ్మకం. కొలత తప్పకపోతే దుంగలు ఎవరో మింగినట్టే. ఆ ఎవరో మేస్త్రేనని అనుకున్నారు. దుంగలు చూపించు, లేదా పని మానుకో అన్నారు. మేస్త్రి వచ్చి, ఇంకా నరకని గిరుల్లోనైనా మరొక్కసారి కొలవమని బతిమాలాడు.

"నా కొలత మీదే అనుమానమా?"

"నీ మీద కాదు బావా. అడవి మీద అనుకో."

ఈయన మళ్లీ కొలవలేదు. మేస్త్రి ఆ గడపకు రావడం మానేశాడు. ఇక ఆ ఇంటికి వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

చొక్కా చిరిగితే ఈయన దర్జీ దగ్గరకు వెళ్లి, ఆదికి పాత చొక్కా ఇచ్చాడు. దర్జీ ఈయన్ని తేరిపార చూసి ఆది పక్కన పెట్టేశాడు.

"ఇది పనికిరాదన్నా. ఇలాగే కుడితే ముందు జారుతుంది, వెనక నడుం బయటపడుతుంది. బాగా వంగిపోయావు."

"నేనా?"

"ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అనేసి దర్జీ నాలిక కరుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఎవరి వీపు వాళ్లకి కనపడదులే."

ఈయన అద్దం ముందు చాలాసేపు పక్కకు తిరిగి నిలబడ్డాడు. గుండె దిగింది. దాంతోపాటు టేపూ దిగింది. మొదలుకు దగ్గరయ్యేకొద్దీ చెట్టు లావు. గిరిలో వేలెడు లావు అడవంతా పాకితే, బళ్లకొద్దీ లేని కలప.

చదివేవారికి చెప్పేది ఒక్కటే. కొలిచేవాణ్ణి కూడా అప్పుడప్పుడు కొలవాలి. నమ్మకస్తుడని ఒక మనిషిని చూడ్డమే మానేస్తే, అతని తప్పుకు ఇంకొకడు దొంగవుతాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన మేస్త్రి ఇంటికి వెళ్లాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. గుమ్మం బయటే నిలబడి, వీధికి వినపడేలా చెప్పాడు.

"దుంగలు ఎక్కడికీ పోలేదురా. నేనే వంగిపోయాను. పద, ఆఫీసులో చెబుతాను."

మేస్త్రి చెప్పులు తొడుక్కునేదాకా అక్కడే నిలబడ్డాడు.