హాల్లో ఇరవై రెండు స్టాపులు

మా ఆయన పొట్ట మీద మచ్చలు ఆరు. నాలుగు చొక్కా గుండీలంత, ఒకటి వేలెడు, ఇంకొకటి సీసా మూతంత. ఆ చివరిది ఐదు నెలలు మలం పోవడానికి సంచి తగిలించిన చోటు. కీహోల్ ఆపరేషన్ అన్నారు. పొట్ట బారుగా కోయకుండా చిల్లుల్లోంచి గొట్టాలు పెట్టి, పెద్దపేగు చివరి భాగాన్నీ అందులోని క్యాన్సర్ గడ్డనీ తీసేశారు. పుస్తకాల తెలుగులో ఆ భాగాన్ని పురీషనాళం అంటారట. డిగ్రీదాకా చదివాను గాని, ఆ మాటతో పని పడుతుందని నాకెవరూ చెప్పలేదు.

సంచి తీశాక చూడ్డానికి వచ్చినవాళ్ళందరినీ ఆ మచ్చలు నిరాశపరిచాయి. ఆయన నడిపే బస్సులో పదేళ్ళు కండక్టరుగా చేసిన విజిల్ అయితే కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. నోట్లో విజిల్ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి డిపోలో అతనికి అదే పేరు.

"ఇంతేనా అన్నా? మా ఆవిడ గాజు గీరుకున్నా ఇంతకంటే పెద్ద గాటు పడుద్ది."

"మీ ఆవిడ ఊరికే గీరుకోదు కదా" అన్నారు ఈయన.

"అది వేరే సంగతిలే. రెండు వారాల్లో బండెక్కేస్తావు చూడు. ఏమంటావ్ వదినా?"

అది పది నెలల కిందటి మాట.

గడ్డ పోయింది. సంచీ తీసేశారు. పేగు కలిపారు. కానీ లోపల నిలవ ఉంచుకునే చోటంటూ ఒకటి ఉండేదని, అది కూడా గడ్డతోపాటే పోయిందని ఇంటికొచ్చాక తెలిసింది. వస్తోందని తెలియడమూ, రావడమూ దాదాపు ఒకేసారి. వెళ్ళొచ్చి కూర్చుంటే మళ్ళీ. ఆయన వెళ్ళినప్పుడల్లా వంటింటి క్యాలెండర్ మీద నేను పెన్సిల్‌తో గీతలు పెడుతూ వచ్చాను. కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటున్నానని అనుకుంటారేమో, ఆయనెప్పుడూ అడగలేదు. రోజుకు పద్నాలుగు కూతలు వేయాల్సిన వంట మా ఇంట్లో ఎప్పుడూ లేదు మరి.

ఆయనది ఇరవై ఆరేళ్ళ డ్రైవరు ఉద్యోగం. ఇరవై రెండు స్టాపులు, గంటా పది నిమిషాలు. చివరి స్టాపు వచ్చేదాకా డ్రైవరు సీటు వదలకూడదు. సోమవారం డిపో డాక్టరు పరీక్ష. ఆసుపత్రి ఇచ్చే కాగితం బాగుంటే బస్సు, లేకపోతే గేటు దగ్గర కూర్చుని ఏ బండి ఎప్పుడు పోయిందో రాసే పని. అక్కడ గది వెనకే బాత్రూం ఉందని విజిల్ సంతోషంగా చెప్పాడు. ఆ రోజు ఈయన అన్నం సగంలో వదిలేశారు.

అందుకే రోజూ పొద్దున పదింటికి మా హాల్లో బస్సు బయల్దేరుతుంది. కిటికీకి ఎదురుగా ఒక కుర్చీ, చేతిలో స్టీలు పళ్ళెం. అదే స్టీరింగు. వెనక కుర్చీలో నేను. ప్రయాణికులందరూ నేనే, కండక్టరూ నేనే. గోడ గడియారం చూసి నేను స్టాపు పేరు చెప్పాలి, ఆయన ఆపాలి, నేను "రైట్ రైట్" అనాలి. నా గొంతులో పస లేదని మొదటి వారమే చెప్పేశారు. గడియారం స్తంభం, కూరగాయల బజారు, పాత మిల్లు, దాని తర్వాత వంతెన. నెల రోజులుగా మా బస్సు వంతెన మీదే ఆగిపోతోంది. పళ్ళెం నా ఒళ్ళో పడేసి పరుగెత్తుతారు. నేను క్యాలెండర్ దగ్గరికి వెళ్తాను.

శుక్రవారం ఏమైందో గాని వంతెన దాటాం. దాటి రెండు స్టాపులు పోయాం. ఆయన మెడ వెనక చెమట పట్టింది.

"ఏమండీ, స్కూలు దాకా వచ్చేశాం."

"డ్రైవరుతో మాట్లాడకూడదని రాసుంటుంది, చూడలేదా?"

నవ్వుతున్నారని వీపు చూస్తేనే తెలిసింది. అప్పుడే పళ్ళెం నేల మీద మోగింది. ఆయన బాత్రూం తలుపు వేసుకునేలోగా ఫోను కూడా మోగింది. ఆపరేషన్ అయినవాళ్ళు ఎలా ఉన్నారో మూడు నెలలకోసారి అడిగి రాసుకునే నర్సు. డిపోకి వెళ్ళే కాగితం రాసేది కూడా ఆవిడే.

"ఆవిడేనా?" లోపల్నించి ఆయన గొంతు. "రెండుసార్లని చెప్పు. అంతే చెప్పు."

"సార్ లేరా అమ్మా?" అంది నర్సు.

"ఉన్నారండీ. పనిలో ఉన్నారు."

"సరే, మీరే చెప్పండి. బయటికి వెళ్తున్నారా?"

"రోజూ వెళ్తారు. వంతెన దాకా."

"మంచిదమ్మా. వస్తోందనిపిస్తే ఓ పావుగంట ఆపుకోగలుగుతున్నారా? రోజుకి ఎన్నిసార్లు?"

రెండు అనడం ఎంతసేపు. క్యాలెండర్ ఎదురుగానే ఉంది. వంతెన కూడా కళ్ళముందే ఉంది, ఈసారి నిజంది. నిండా జనం, స్టీరింగు దగ్గర చెమటతో ఈయన.

"పద్నాలుగు. ఆగదండీ."

అవతల పెన్ను చప్పుడు ఆగింది. "పోయినసారి సార్ రెండన్నారమ్మా."

"పోయినసారి ఆయన మాట్లాడారు."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఇలా చాలామందికి ఉంటుందని, కొందరికి ఏడాదికీ రెండేళ్ళకీ తగ్గుతుందని, కొందరు అలవాటు పడిపోతారని చెప్పింది. మాత్రలున్నాయట, వ్యాయామాలున్నాయట, ముందే చెప్పుంటే మొదలుపెట్టేవాళ్ళట.

"దిగులు పడకండి. గడ్డ మళ్ళీ రాలేదు, కుట్లు మానాయి. మా లెక్కలో ఇది మంచి ఫలితమేనమ్మా."

"మరి బస్సు నడపొచ్చా?"

"ఆ ప్రశ్న నా కాగితంలో లేదమ్మా." గొంతు తగ్గించి అడిగింది, "ఏం రాయమంటారు?"

బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆయన వింటున్నారని తెలుసు.

"పద్నాలుగే రాయండి" అన్నాను.

ఆయన బయటికొచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. తడి ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు.

"పద్నాలుగు కాదు" అన్నారు చివరికి. "నిన్న పదిహేను. నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఒకటి. గీత పెట్టలేదు నువ్వు."

"మీరెప్పుడు చూశారు?"

"మొదటి వారమే. పెన్సిల్ మొద్దుబారితే చెక్కి పెట్టింది ఎవరనుకున్నావ్?"

ఆయన నేల మీది పళ్ళెం తీసి, ముందు కుర్చీలో పెట్టారు. వచ్చి వెనక కుర్చీలో, నా సీట్లో కూర్చున్నారు. కిటికీ వైపు చూస్తూ, "స్కూలు స్టాపు దాకా వచ్చాం కదా" అన్నారు.

"వచ్చాం."

నాకెక్కడ కూర్చోవాలో తెలియలేదు. చోటు దొరకని ప్రయాణికురాలిలా ఆయన కూర్చున్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"నిలబడ్డావేం? ముందు సీటు ఖాళీగానే ఉందిగా."